కొసరు లేని గంజి

ఇందిరా పార్కులో నడక ముగించుకుని చిక్కడపల్లి వైపు వచ్చేవాళ్లకి దారిలో ఒక జావ బండి తగులుతుంది. బండి మీద మూతలు పెట్టిన రెండు పెద్ద స్టీలు గిన్నెలుంటాయి. ఒకదాంట్లో రాగి జావ, ఇంకోదాంట్లో జొన్న అంబలి. పక్కన చిన్న డబ్బాల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించి దంచిన జీలకర్ర. బండి నడిపే ఆమె గరిటెను అడుగుదాకా దించి, ఒకసారి కలియతిప్పి, పైకి తీసి గ్లాసులోకి వంచుతుంది. జావ ధారగా దిగి అంచుకి ఒక వేలెడు కిందుగా ఆగుతుంది. ఆ వేలెడు జాగా సల్ల కోసం. "ఉప్పేస్కుంటరా సార్, బెల్లమా?" అని అడుగుతుంది. తాగేవాళ్లలో ఎక్కువమంది ఖరీదైన బూట్లవాళ్లే, షుగరో బీపీయో ఉన్నవాళ్లు. ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేతి గడియారంలో ఎన్ని అడుగులు నడిచారో చూసుకుంటూ ఉంటారు.

వాళ్లలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఒకాయన ఉన్నారు. ఉద్యోగం చేసినంతకాలం ఇంటర్మీడియట్ పిల్లలకి నాన్-డిటైల్డ్ కథలు చెప్పిన మనిషి. ఒక పొద్దున ఆయన పక్కనే అశోక్‌నగర్ హాస్టలు కుర్రాడొకడు నిలబడ్డాడు. భుజాన సంచీ, చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకం. గ్లాసు ఖాళీ చేసి, "అక్కా, ఇంకింత పొయ్యవా" అన్నాడు. ఆమె తలెత్తకుండానే, "తాగు తమ్మీ, సదువుకునేటోనివి" అంటూ అర గరిటె పోసింది. దానికి లెక్క లేదు, డబ్బుల్లేవు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ తల తిప్పి చూడలేదు. చూడాల్సింది ఏముంది? కూరగాయల దగ్గర కరివేపాకు, పాలవాడి దగ్గర ఒలికినంత ధార, పూలమ్మి దగ్గర మూర మీద బెత్తెడు. ఇక్కడ కొసరు అడగడం కొన్నవాడి హక్కు. అడక్కపోతేనే అమ్మేవాళ్లకి అనుమానం. కానీ మాస్టారి గ్లాసు మాత్రం నోటిదాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగింది. ఆ మాటే అడిగినందుకు ఇంకో కుర్రాడికి ఏమైందో ఆయన ఏళ్ల తరబడి క్లాసులో చెప్పి ఉన్నారు మరి.

ఆలివర్ ట్విస్ట్ నవలలో డికెన్స్ ఆ సన్నివేశాన్ని కట్టిన తీరు ఒకసారి దగ్గరగా చూడాలి. పేదల్ని ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లో ఒక రాతి గది. ఒక చివర పెద్ద రాగి కాగు. కాగు పక్కన ఏప్రన్ కట్టుకున్న వర్క్‌హౌస్ మాస్టరు, ఆయన చేతిలో గరిటె, సాయానికి ఒకరిద్దరు ఆడవాళ్లు. తలకి ఒక గిన్నెడు గంజి, అంతే. వారానికి రెండుసార్లు ఉల్లిపాయ, ఆదివారం అర రొట్టె. గిన్నెలు కడగాల్సిన పని పడదు. పిల్లలే చెంచాలతో గీకి గీకి తళతళలాడిస్తారు. ఆ చెంచాలు కూడా గిన్నెలంత ఉంటాయి, ఎక్కువసేపు పట్టదు. తర్వాత కాగు కింద ఇటుకల్ని కూడా మింగేలా చూస్తూ వేళ్లు చీక్కుంటారు. వంటకాల అంగడివాడి కొడుకొకడు, రోజూ ఇంకో గిన్నె దొరక్కపోతే పక్కన పడుకున్నవాణ్ని ఏ రాత్రో తినేస్తానేమోనని గుసగుసగా అంటాడు. వాడి కళ్లు చూసి పిల్లలు నమ్ముతారు, చీట్లు వేస్తారు. ఆలివర్ పేరు వస్తుంది. తొమ్మిదేళ్లవాడు లేచి వెళ్లి ఇంకొంచెం కావాలంటాడు. గరిటెతో తల మీద దెబ్బ. తెల్ల వెయిస్టుకోటు పెద్దమనిషి, వీడికి ఉరి తప్పదని తేల్చేస్తాడు. మర్నాటికి, ఈ పిల్లాణ్ని తీసుకుపోయేవాళ్లకి అయిదు పౌండ్లు ఇస్తామని గేటుకి కాగితం అంటించేస్తారు.

ఇందులో మాస్టారికి ఎప్పుడూ నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. విక్టోరియా కాలపు పేదరికం అనగానే లోకమంతా తలుచుకునే ఈ దృశ్యం అచ్చయింది 1837 ఫిబ్రవరిలో, బెంట్లీస్ మిసెలనీ పత్రికలో. విక్టోరియా గద్దెనెక్కింది జూన్ 20న. అంటే ఆలివర్ గిన్నె చాచేనాటికి ఆమె ఇంకా రాణి కాదు. యుగం పుట్టకముందే గంజి కాగింది. కాచింది 1834 నాటి పేదల చట్టం. వర్క్‌హౌస్‌లో బతుకు, బయట కూలి చేసుకునే అతి పేదవాడి బతుకు కంటే ఒక మెట్టు కిందే ఉండాలి. లేకపోతే అందరూ వచ్చి కూర్చుంటారు. చట్టం వెనక ఉన్న లెక్క అది. పేదవాణ్ని రావద్దని చెప్పరు, రావాలనిపించకుండా చేస్తారు. అందుకు కొరడాకంటే పలచటి గంజి చవక. నీళ్ల కంపెనీతో కావలసినన్ని నీళ్లకీ, ధాన్యం వ్యాపారితో కొద్దికొద్దిగా ఓట్స్ పిండికీ వర్క్‌హౌస్ బోర్డువాళ్లు ఒప్పందం రాసుకున్నారని డికెన్స్ చురక పెట్టింది ఇక్కడే.

మరి అంతా నిజమేనా? 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు పరిశోధకులు ఈ గంజినే లెక్కకట్టారు. అప్పటి వర్క్‌హౌస్ ఆహార పట్టికలు చూస్తే కథలో ఉన్నంత ఘోరం కాదన్నారు. 1836లో పేదల చట్టం కమిషనర్లు పంపిన నమూనా పట్టికల్లో ఉదయానికి రొట్టెతో పాటు పింటున్నర గంజి ఉంది. మధ్యాహ్నం కొన్ని రోజులు మాంసం కూడా ఉంది. కాగితం మీద ఆలివర్ బతికిపోతాడు. కానీ 1845లో ఆండోవర్ వర్క్‌హౌస్‌లో ఘోరం బయటపడింది కూడా కాగితం మీద పట్టిక ఉన్నచోటే. అక్కడి మగవాళ్లకి ఎరువు కోసం ఎముకలు దంచే పని ఇచ్చారు. ఆకలికి ఆగలేక వాళ్లు ఆ కుళ్లిన ఎముకల్లోని మూలుగ పీల్చుకుని తిన్నారు. పార్లమెంటు విచారణ జరిగింది, 1847లో పేదల చట్టం కమిషన్‌నే ఎత్తేశారు. పట్టికకీ గిన్నెకీ మధ్య ఒక చెయ్యి ఉంటుంది. ఆ చేతిని వైద్య పత్రిక ఎలా తూచగలదు? అయినా మాస్టారికి ఇక్కడ కొంచెం తడబాటే. డికెన్స్ పెంచి రాశాడేమో. పెంచకపోతే ఎవరికైనా పట్టేదా?

అసలు గంజిలో పేదరికం ఉందా అన్నది ఇంకో చిక్కు. అదే ఇంగ్లండులో, ఆలివర్‌కి ఇరవై ఏళ్ల ముందు, జేన్ ఆస్టిన్ ఎమ్మా నవలలో వుడ్‌హౌస్ అనే ముసలి జమీందారు ఉన్నాడు. ఇంటికొచ్చిన అతిథులు మంచి భోజనం చేస్తుంటే భయపడిపోయి, గంజి తాగితే ఒంటికి మంచిదని ప్రాణం తీస్తాడు. పెద్ద కూతురు పుట్టింటికొస్తే తండ్రీకూతుళ్లిద్దరూ సముద్రతీరంలో దొరికిన వంటమనిషికి గంజి కాచడం రాలేదని సుదీర్ఘంగా బాధపడతారు. క్రిస్మస్ కరోల్‌లో స్క్రూజ్, డబ్బుల గుట్ట మీద కూర్చున్నవాడు, జలుబు చేసిందని పొయ్యి పక్కన చిన్న గిన్నెలో గంజే పెట్టుకుంటాడు. ధాన్యమూ అదే, నీళ్లూ అవే. వీళ్ల చేతిలో మందు, ఆలివర్ చేతిలో శిక్ష. తేడా ఎక్కడుంది? వుడ్‌హౌస్ ఇంకో గిన్నె కావాలంటే వంటింట్లోంచి పరుగున వస్తుంది.

గంజికి ఈ రెండు ముఖాలూ ఉన్నాయని షార్లెట్ బ్రాంటీకి తెలిసినంతగా డికెన్స్‌కి కూడా తెలియదేమో అని మాస్టారి అనుమానం. జేన్ ఎయిర్ నవల 1847లో వచ్చింది. అనాథ పిల్లల బడిలో మొదటి పొద్దున జేన్ ముందు మాడిపోయిన జావ పెడతారు. ఆకలి మండుతున్నా రెండు చెంచాలకే కడుపులో తిప్పుతుంది. ఎనభైమంది పిల్లలు అలాగే లేస్తారు. మిస్ టెంపుల్ అనే టీచరు జాలిపడి ఆ మధ్యాహ్నం రొట్టె, జున్ను పెట్టిస్తుంది. ఆ తర్వాత బడి పెద్ద వచ్చి ఆ రొట్టె ముక్కల లెక్క అడుగుతాడు. జావ మాడితే పిల్లలకి ఓర్పు నేర్పే అవకాశం వచ్చినట్టు. శరీరానికి మేత వేసి ఆత్మని మాడుస్తావా అని మతం మాటల్లో మందలిస్తాడు. బ్రాంటీ ఇది ఊహించి రాయలేదు. చిన్నప్పుడు అక్కలతో కలిసి ఆమె కోవన్ బ్రిడ్జ్ బడిలో చదివింది. ఇద్దరు అక్కలు మరియా, ఎలిజబెత్ అక్కడ జబ్బుపడి 1825లో చనిపోయారు.

అదే జేన్ పెద్దయ్యాక, థార్న్‌ఫీల్డ్ ఇల్లు విడిచి వచ్చేసి, చేతిలో చిల్లిగవ్వ లేక ఊరి బయట తిరుగుతుంది. మెడకి కట్టుకున్న రుమాలు ఇస్తాను, ఒక రొట్టె ఇమ్మని అంగట్లో అడిగితే, అది నీకెక్కడిదో నాకేం తెలుసని అనుమానంగా చూస్తారు. చివరికి ఒక గుడిసె గుమ్మంలో చిన్నపిల్ల ఒకతె చల్లారి గడ్డకట్టిన జావని పందుల తొట్టిలో పోయబోతూ కనిపిస్తుంది. అది నాకిస్తావా అని జేన్ అడుగుతుంది. పిల్ల తెల్లబోయి లోపలికి కేకేస్తుంది. బిచ్చగత్తె అయితే ఇచ్చెయ్, పందికి ఎలాగూ అక్కర్లేదులే అని లోపల్నుంచి జవాబు. గిన్నె ఆకారంలోనే బిగుసుకున్న ముద్దని ఆ పిల్ల జేన్ చేతిలో బోర్లిస్తుంది. బడిలో ముట్టలేక వదిలేసిన పదార్థాన్నే జేన్ ఇక్కడ ఆబగా తింటుంది. మాస్టారు ఈ పేజీని క్లాసులో చదివి వినిపించలేకపోయేవారు. గొంతు పట్టుకుని కాదు, పిల్లలు నవ్వుతారని. పంది మాట రాగానే వెనక బెంచీల్లో ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు.

మన దగ్గరకొస్తే, జొన్న అంబలిని తిట్టినవాళ్లలో అగ్రతాంబూలం శ్రీనాథుడికే ఇవ్వాలి. రాజుల సభల్లో సన్నబియ్యం తిని వచ్చిన కవి పదిహేనో శతాబ్దంలో పలనాడు పోయి జొన్నలకి చిక్కుకున్నాడు. ఆయన పేర తిరిగే చాటువుల్లో అక్కడంతా జొన్నేనని మొర పెట్టుకుంటాడు. విషం తాగావు, నిప్పు మింగావు, దమ్ముంటే ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమని కృష్ణుణ్నే సవాలు చేస్తాడు. కానీ పలనాటి రైతు ఆ అంబలి తాగినందుకు తాను పేదవాణ్ననుకున్నాడా? పొద్దున్నే కుండలో పులిసిన తరవాణి ముంచుకుని, ఉల్లిపాయ కొరికి, నాగలి భుజానేసుకున్నవాడికి అది బలం. అదే అంబలి ఇంకొకరి వాకిట్లో, వంచిన దోసిట్లోకి పైనుంచి పోస్తే? తెలంగాణ దొర గడుల వాకిళ్లలో, ఆంధ్ర ఊళ్ల పెరళ్లలో జీతగాడికి దొరికింది అలాంటిదే. కుండ సొంతమైనవాడు జావ తాగాడు, కానివాడు గంజి తాగాడు అనవచ్చునేమో. మరీ అంత సులువుగా చెప్పేస్తే ఎక్కడో తప్పిపోతుందని కూడా మాస్టారికి లోపల ఒక మూల పీకుతూ ఉంటుంది. సొంత కుండలోనూ పలచబడే రోజులుంటాయి కదా. అమ్మ మాట్లాడకుండా ఇంకో చెంబెడు నీళ్లు పోసే రోజులు.

ఆ నీళ్ల రోజులు రాసిన తెలుగు పుస్తకాలు విక్టోరియా కాలంలో ఎన్ని? ఇది ఆయన్ని చాలాకాలం తినేసిన ప్రశ్న. ఆమె పాలన తెలుగు దేశం మీద కూడా నడిచింది కనక ఆ కాలపు తెలుగు పుస్తకాలు కూడా విక్టోరియా సాహిత్యమే అనుకుంటే తప్పేమీ లేదు. కందుకూరి రాజశేఖర చరిత్రము 1878 నాటిది. అందులో పేదరికం ఉంది, కానీ అది పొగడ్తలకి పొంగి ఉన్నదంతా పోగొట్టుకున్న పెద్దింటివాడి పేదరికం. కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో. అందులో గిరీశం పూటకూళ్లమ్మ ఇంట్లో తేరగా తింటాడు. బాకీ ఎగ్గొట్టేవాడికి కడుపు మాడదు. పన్నెండో ఏట, తండ్రి బాకీల జైల్లో ఉండగా, బూటు పాలిష్ డబ్బాలకి లేబుళ్లు అంటిస్తూ వారానికి ఆరు షిల్లింగులు తెచ్చుకున్న పిల్లాడు, డికెన్స్, తమ కాలానికి రచయిత కావడం ఇంగ్లీషువాళ్లకి దక్కిన అదృష్టం. మనకి కలం పట్టినవాళ్లు వరసలో నిలబడలేదు. వరసలో నిలబడ్డవాళ్ల చేతికి కలం రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

వరసలు లేక కాదు. రాజశేఖర చరిత్రము వెలువడిన సమయానికి తెలుగు నేల మీద ఉన్నంత పెద్ద గంజి వరసలు లండన్ ఎన్నడూ చూసి ఉండదు. 1876లో వానలు మొహం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. ధాతనామ సంవత్సరం కాబట్టి జనం దాన్ని ధాత కరువన్నారు. 1878 దాకా సాగిన ఆ కరువులో ఒక్క బ్రిటిష్ ఇండియాలోనే యాభై లక్షలమందికి పైగా చనిపోయారని అంచనా. కరువు నడుస్తుండగానే, 1877 జనవరి 1న, ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని ఇండియాకి చక్రవర్తినిగా చాటారు. ఆ దర్బారు జరిపించిన వైస్రాయి లార్డ్ లిట్టన్.

ఈ లిట్టన్ ఎవరని వెతుక్కుంటూ పోతే మాస్టారికి డికెన్స్ ఇల్లే ఎదురైంది. రాబర్ట్ లిట్టన్ స్వయంగా కవి. ఓవెన్ మెరెడిత్ అనే మారుపేరుతో రాసేవాడు. తండ్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ నవలాకారుడు, డికెన్స్‌కి ఆప్తమిత్రుడు. ఎంత మిత్రుడంటే డికెన్స్ తన ఆఖరి కొడుక్కి ఆయన పేరే పెట్టుకున్నాడు. గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ ముగింపు బాగాలేదు, మార్చమని 1861లో ఆయన చెబితే మార్చాడు కూడా. ఆ నవల మొదలయ్యేది సమాధుల మధ్య ఆకలితో వణికే ఖైదీతో. పిల్లాడు ఇంట్లోంచి దొంగిలించి తెచ్చిన మాంసపు వంటకాన్ని ఆ ఖైదీ కుక్కలా తింటాడు. అలాంటి పుస్తకాలు పుట్టిన ఇళ్ల మధ్య పెరిగినవాడు కర్నూలు, బళ్లారుల గంజి కాగు దగ్గర గరిటె ఎవరి చేతికివ్వాలో నిర్ణయించాడు. చదివిన పుస్తకాలు మనిషిని మారుస్తాయని పిల్లలకి చెప్పుకుంటూ బతికినవాళ్లకి ఇది మింగుడుపడే సంగతి కాదు.

గరిటె అందుకున్నవాడు సర్ రిచర్డ్ టెంపుల్. మిస్ టెంపుల్‌తో ఈయనకి ఇంటిపేరు తప్ప ఇంకేం కలవదు. నిజానికి ఈయన కథ అంత సూటిగా కూడా లేదు. 1874లో బీహారు కరువుకి బర్మా నుంచి బియ్యం తెప్పించి, అడిగినవాళ్లకి పెట్టి, చావుల్ని దాదాపు ఆపేశాడు. దానికి మెచ్చుకోలు రాలేదు, ఖజానా పాడుచేశావని తిట్లు వచ్చాయి. ఆ తిట్లు మోసుకుని 1877లో మద్రాసు రాష్ట్రానికి వచ్చాడు. ఈసారి లెక్క కట్టాడు. కరువు పనిలో రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌండు ధాన్యం, ఒక అణా. ఆడవాళ్లకి, పిల్లలకి ఇంకా తక్కువ. పౌండంటే నాలుగువందల యాభై గ్రాములు. మద్రాసు సానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ అడ్డం తిరిగాడు. మట్టి మోసే ఒంటికి కనీసం ఆరువందల ఎనభై గ్రాములు కావాలి, దానిమీద కూరగాయలు, పప్పు ఉండాలని పోరాడాడు. ఆ మార్చిలో మద్రాసు ప్రభుత్వం మధ్యేమార్గంగా అయిదువందల డెబ్బై గ్రాముల ధాన్యం, నలభై మూడు గ్రాముల పప్పు ఇస్తామంది. ఆలివర్‌కి దొరకని కొసరు అది. ఒక డాక్టరు పట్టుబట్టగా వచ్చింది. అప్పటికి ఎంతమంది పోయారో ఎవరు చెప్పగలరు?

అప్పటి మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ ఈ సంగతులన్నీ 1878లో రెండు సంపుటాలుగా అచ్చువేశాడు. స్కాన్ ప్రతి ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మాస్టారు కళ్లద్దాలు పైకి తోసుకుని దాన్ని ఫోనులోనే చదువుతారు. వేళ్లతో పేజీని పెద్దది చేసుకుంటూ, పట్టిక దగ్గరకి రాగానే ఆగుతూ. లిట్టన్ 1877లో మద్రాసు వచ్చి సహాయ శిబిరాలు చూసి భార్యకి రాసిన ఉత్తరంలో అవి పిక్నిక్కుల్లా ఉన్నాయని, జనం పనీపాటా లేకుండా బలిశారని వెక్కిరించాడు. ఇది చదివిన రాత్రి మాస్టారికి హార్డ్ టైమ్స్‌లో బౌండర్బీ గుర్తొచ్చాడు. కూలీ ఎవడు నోరు తెరిచినా, వీడికి బంగారు చెంచాతో తాబేలు సూపు కావాలిట అంటాడే, ఆ మిల్లు యజమాని. 1854లో డికెన్స్ అతన్ని వేళాకోళానికి పుట్టించాడు. ఇరవై మూడేళ్లకి స్నేహితుడి కొడుకు అతని పాత్రలోకి దూరిపోయాడు.

కొన్ని సంగతులు త్వరగా దాటెయ్యాలి, లేకపోతే తరగవు. మద్రాసు రాయపురం దగ్గర మణేగార్ సత్రం ఉంది. 1782 కరువులో గంజి పోయడానికి పుట్టింది. తర్వాత అక్కడే ఆస్పత్రి పెరిగి స్టాన్లీ ఆస్పత్రి అయ్యాక కూడా జనం నోట్లో చాలాకాలం గంజి తొట్టి ఆస్పత్రిగానే ఉంది. బకింగ్‌హామ్ కాలువలో కూవాన్నీ అడయారునీ కలిపిన ముక్కని ధాత కరువు కూలీలే తవ్వారు. 1950ల మొదట్లో రాయలసీమలో మళ్లీ కరువొస్తే మళ్లీ గంజి కేంద్రాలే తెరిచారు. విద్వాన్ విశ్వం పెన్నేటిపాట పుట్టింది ఆ ఎండిన నేల మీదే. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఏ పూట ఎవరొచ్చినా పెట్టేదని చెప్పుకుంటారు. ఆమె కథల్లో ఎక్కడా కొలపాత్ర కనిపించదు. ఆమె కూడా విక్టోరియా కాలపు మనిషేనని మనకి తట్టదు.

మళ్లీ హైదరాబాదుకే వస్తే, నారాయణగూడ మెట్రో స్తంభాల నీడన ఉన్న సూపర్ మార్కెట్‌లో రాగులు, కొర్రలు, జొన్న రవ్వ ఒక ప్రత్యేకమైన అరలో కూర్చున్నాయి. కిలో సన్నబియ్యం కంటే కిలో కొర్రలు ఖరీదు. నల్లగొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక పెద్దాయన ఆ అర ముందు నిలబడి కొడుకుతో, "గటక తాగినోళ్లం బిడ్డా, పండుగకే బియ్యం జూసినం. గిప్పుడు డాక్టర్ అదే తాగుమంటుండు" అన్నాడు. కొడుకు ప్యాకెట్టు వెనక పోషకాల పట్టిక చదువుతున్నాడు, తలూపాడు. ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చింది. గటక కుండలు ఒక్కొక్కటిగా అటకెక్కాయి, జొన్న చేలు తగ్గాయి. 2025 ఉగాదినాడు తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డుమీద సన్నబియ్యం మొదలుపెట్టింది. శ్రీనాథుడు కలవరించిన సన్నబియ్యం ఇప్పుడు రేషన్ దుకాణంలో ఉచితం, ఆయన ఛీకొట్టిన జొన్న అంబలి పార్కు దగ్గర గ్లాసు ఇంతని. మధ్యలో 2023లో ఆంధ్ర ప్రభుత్వం బడిపిల్లలకి వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగి జావ పెట్టింది. పేద పిల్లలకి మంచిదని ఒకరు పోస్తున్న జావ, పెద్దింటివాళ్లు తమకి మంచిదని తామే కొనుక్కుంటున్న జావ ఒకే రంగులో ఉంటాయి.

అప్పుడు పేదరికం ఎటుపోయింది? పోలేదు, గిన్నె మారిందంతే. హైదరాబాదులో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం నడుస్తోంది. అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, పచ్చడి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునేవాళ్లు, అడ్డా మీది కూలీలు, ఆటో డ్రైవర్లు, ఆస్పత్రికి వచ్చిన ఊరివాళ్లు, ఇలాంటివాళ్లకి మధ్యాహ్నం గడిచే దారి అది. మాస్టారు ఒకసారి ఆ వరసలో నిలబడి తిన్నారు. రుచి చూద్దామనే గాని దానం లెక్కకి కాదు. కూర బాగుంది. పచ్చడి ఇంకా బాగుంది. వరసలో ఎవరి మొహంలోనూ ఆలివర్ భయం లేదు. అయిదు రూపాయలు చిన్నదే కావచ్చు, కానీ చేతిలోంచి తీసి ఇచ్చినవాడు కొనుక్కున్నవాడు అవుతాడు. ఆ నాణెం అక్కడ చేసే పని కడుపుకంటే వెన్నెముకకే ఎక్కువేమో. అయితే వరసలో ఒక కుర్రాడు మాత్రం మెడలోని కోచింగ్ సెంటరు గుర్తింపు కార్డుని చొక్కా లోపలికి దోపుకున్నాడు. ఎందుకని అడగడానికి ఆయనకి నోరు రాలేదు.

వాకింగ్ బెంచీల మీద మాత్రం బౌండర్బీ ఇంకా బతికే ఉన్నాడు. రాగి జావ తాగుతూనే, ఫ్రీలు ఇచ్చి ఇచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారని, కూలికి మనుషులు దొరకట్లేదని మాట్లాడుకుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదని మాస్టారికీ అనిపిస్తుంది. ఖజానా ఊరికే నిండదు. కానీ మొదటి వాక్యం ఎప్పుడూ సోమరితనం గురించే ఎందుకు వస్తుందో, 1834లోనూ, 1877లోనూ, ఇప్పుడూ, అది మాత్రం ఆయనకి అంతుపట్టదు. తిండి పెడితే మనిషి చెడతాడన్న భయం తిన్నవాడికే ఎందుకు పట్టుకుంటుంది? పొట్ట నిండినవాళ్లు తమ పిల్లలకి ఇంకో ముద్ద తినమని వెంటపడతారు కదా, వాళ్లు చెడిపోతారని ఎందుకు అనుకోరు?

ఈ గోలంతా ఒక మధ్యాహ్నం లైబ్రరీ బయట చెట్టు కింద టీ తాగుతున్న ఇద్దరు అభ్యర్థుల ముందు వెళ్లగక్కారు మాస్టారు. ఒకతను ఖమ్మం, ఇంకొకతను వనపర్తి. ఇద్దరికీ కరువు కమిషన్లు కంఠతా వచ్చు. క్యాంప్‌బెల్ 1866, స్ట్రాచీ 1880, లయల్, మెక్‌డొనెల్ అని వేళ్ల మీద గడగడా అప్పజెప్పారు. టెంపుల్ కూలి గురించి వాళ్ల నోట్సులో ఒక్క ముక్క లేదు. కార్నిష్ పేరు వినలేదు. మాస్టారు పౌండుకీ పౌండున్నరకీ మధ్య తేడా చెబుతుంటే ఖమ్మం కుర్రాడు మొదట మర్యాదకి, తర్వాత నిజంగానే విన్నాడు. వాళ్ల తాత ధాత కరువు మాట అనేవాడని, అది ఏదో సామెతలే అనుకున్నానని చెప్పాడు. వనపర్తి కుర్రాడు అప్పటికే పెన్ను తీశాడు.

"సార్, అయిదొందల డెబ్బై గ్రాములన్నరు గదా, అది మార్చిల్నేనా? ప్రిలిమ్స్‌ల బిట్టు పడొచ్చు."

"మార్చే. 1877."

"ఆ డాక్టర్ పేరు మల్లొక్కసారి చెప్పుండ్రి."

మాస్టారు చెప్పారు. అతను కార్నిష్ అని తెలుగులో రాసుకుని, కింద గీత గీసి, ఆరువందల ఎనభై అని పక్కన వేసుకున్నాడు. పప్పు సంగతి ఖమ్మం కుర్రాడు గుర్తుచేశాడు, నలభై మూడని. దాన్ని కూడా ఎక్కించుకున్నారు.